సిమెంటు బూట్లు తొడిగిన ఇల్లు

నేపర్‌విల్, ఇల్లినాయ్
14 ఏప్రిల్ 1983

వసూ,

నా ఆశీస్సులు మాత్రమే పంపుతున్నాను. మీ అత్తయ్య తనవి విడిగా రాస్తుందట, నావాటితో కలిపితే పలచబడతాయట.

మేం ఇల్లు కొన్నాం. ఫోటో జత చేశాను, చూడు. నల్ల దూలాలు, మధ్యలో తెల్ల గోడ, ఏటవాలు కప్పు. బిల్డర్ దీన్ని ట్యూడర్ స్టైల్ అన్నాడు. ఇంగ్లండులో ఒకప్పుడు గొప్పవాళ్లు ఇలాంటి ఇళ్లలోనే ఉండేవారట. పదిహేనేళ్లు అపార్టుమెంట్లలో పక్కవాడి టీవీ వింటూ గడిపిన కొండల్ రావు ఇప్పుడు ఇంగ్లీషు ప్రభువు. మీ అత్తయ్య కారు దిగి, నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసి, "ఏందయ్యా, ఇంటికి నామాలు పెట్టిన్రు?" అంది. బాలమణికి కళాదృష్టి తక్కువ.

నీకు ఎక్కువ కదా, అందుకే రాస్తున్నాను. షికాగోలో ముప్ఫై అంతస్తుల భవనాలు గీసే ఆఫీసు వదిలేసి, వర్జీనియాలో ఎవరిదో పాత ఇంగ్లీషు కొంపకు కాపలా కాయడానికి పోయావు. కట్టెల మీద దుమ్ము దులిపే ఆర్కిటెక్టువి నువ్వు. మీ అమ్మ హనుమకొండ నుంచి రాస్తూ, "వసుమతి అడితిలో పనిచేస్తున్నదట, నిజమేనా తమ్మీ?" అని అడిగింది. అడితిలో నాలుగు కట్టెలైనా అమ్ముతారు, అక్కడ అదీ లేదని జవాబిచ్చాను.

అసూయ పడకుండా అభిప్రాయం రాయి.

మామయ్య

* * *

రిచ్‌మండ్, వర్జీనియా
3 మే 1983

ప్రభువులకు మేనకోడలు నమస్కారం.

ఫోటో రెండుసార్లు చూశాను. మొదటిసారి నవ్వొచ్చింది. రెండోసారి భూతద్దం పెట్టి చూశాను, ఏడుపొచ్చింది. మామయ్యా, అవి దూలాలు కావు. అంగుళం మందం పలకలు. ప్లైవుడ్ గోడకు మేకులు కొట్టి తగిలించి నల్లరంగు పూశారు. ముందు గది పైన ఉన్న అడ్డ దూలం రెండు చివరలా గాల్లో ఆగిపోయింది, గమనించారా? అది ఇంటిని మోయడం లేదు, ఇల్లే దాన్ని మోస్తోంది. వంతెనలు కట్టే మనిషి ఇలాంటిదానికి ఎలా సంతకం పెట్టారు?

అసలుది ఎలా ఉంటుందో వినండి. మా ఓస్మర్‌లీ హాల్‌ని 1540 ప్రాంతంలో ఇంగ్లండులోని చెషైర్‌లో కట్టారు. పచ్చి ఓక్ మాను కొట్టి ఆరకముందే చెక్కేవారు. ఒక కొయ్య చివరను నాలుకలా చెక్కి, రెండో కొయ్యలో తొలిచిన గాడిలో దూర్చి, అడ్డంగా ఓక్ చీల దిగ్గొట్టేవారు. ఇనుప మేకు ఒక్కటి లేదు. కొయ్య ఆరేకొద్దీ ముడుచుకుని అతుకు ఇంకా బిగుస్తుంది. ముందు ఇంటి ఎముకలన్నీ నిలబెట్టి, తర్వాత మధ్య ఖాళీల్లో తడికెలు అల్లి, మట్టీ పేడా గడ్డీ కలిపి మెత్తేవారు. గోడ ఒట్టి తెర. మోసేదంతా కొయ్యే. పై అంతస్తు కింది అంతస్తు కన్నా రెండడుగులు వీధిలోకి పొడుచుకొస్తుంది. అక్కడ నిలబడి తల ఎత్తి చూస్తే దూలాల చివరలు వరసగా కనిపిస్తాయి. అవి అలంకారం కాదు, నిజంగా లోపలి నేలను మోస్తున్న దూలాలే.

1926లో ఇక్కడి పొగాకు వ్యాపారి ఒకాయన ఆ ఇంటిని కొని, విప్పించి, ఓడలో వేయించి తెచ్చి, జేమ్స్ నది ఒడ్డున మళ్లీ నిలబెట్టించాడు. ఇప్పుడది మ్యూజియం. మా డైరెక్టర్ హోలిస్‌కి మాత్రం అది కల్యాణమండపం. వారం వారం ఎవరికో ఒకరికి విందుకిస్తాడు. నిన్న ఒకావిడ, "ఈ ఎయిర్ కండిషనర్ కూడా అప్పటిదేనా?" అని అడిగింది. ఆవిడకి మీ ఇల్లు బాగా నచ్చుతుంది.

అత్తయ్య చెప్పింది నిజం. నామాలే అవి.

వసుమతి

* * *

నేపర్‌విల్
11 జూన్ 1983

అమ్మా పండితురాలా,

నీ ఉత్తరం మీ అత్తయ్య పైకి చదివింది, అదీ మా స్నేహితులు రామమోహన్ దంపతులు భోజనానికి వచ్చినప్పుడు. వాళ్లు వెళ్లేటప్పుడు బయట నిలబడి మా దూలం చివరలు వెతుక్కుని మరీ చూశారు. సంతోషమేనా?

ఇప్పుడు నా మాట విను. నా ఇంట్లో దేన్ని ఏది మోస్తోందో నేను లెక్కవేసి చెప్పగలను. మీ ఇంట్లో ఎవరైనా చెప్పగలరా? ఆ వడ్రంగులకు లెక్క రాదు. భయం కొద్దీ ఒక దూలం చాలినచోట మూడు పెట్టారు. దాన్ని కళ అంటున్నావు. నేను అజ్ఞానం అంటాను. పేడ మెత్తిన గోడలు చూడాలంటే మన ఊళ్లో ఎన్ని లేవు, దానికోసం ఓడ ఎందుకు?

నేను పోసిన కాంక్రీటు మీద రోజుకు ఇరవై వేల ట్రక్కులు పోతున్నాయి. మీ ఇంటి మీద ఎయిర్ కండిషనర్ల గురించి అడిగేవాళ్లు నడుస్తున్నారు. వాళ్లెంతమందిని మీ పై అంతస్తు మోస్తుందో ఎప్పుడైనా అడిగావా?

మామయ్య

* * *

రిచ్‌మండ్
6 సెప్టెంబరు 1983

మామయ్యకు నమస్కారం.

మూడు నెలలు జవాబు రాయలేదు. కోపంతోనే. ఇప్పుడు రాస్తున్నది కోపం తగ్గి కాదు, అవసరం పడి.

పోయిన వారం తూర్పు గోడ అడుగున పలక ఒకటి ఊడితే, వెనక ఉన్న స్తంభాన్ని చాకుతో పొడిచి చూశాను. చాకు పిడి దాకా దిగింది. కొయ్య కాదది, తడిసిన అటుకులు. పక్క స్తంభమూ అంతే. చెషైర్‌లో ఈ స్తంభాలు రాతి మీద పరిచిన అడుగు దూలం మీద నిలబడేవి. వాన నీళ్లు జారిపోయేవి, గాలికి ఆరేవి. 1926లో ఇక్కడి ఇంజనీర్లు గట్టిదనం పేరుతో స్తంభాల పాదాల చుట్టూ సిమెంటు పోశారు. నీళ్లు లోపలికి పోతాయి, బయటికి రావు. మీ సిమెంటే మామయ్యా. ఇంగ్లండు వానలో నాలుగు వందల ఏళ్లు నిలిచిన ఇంటికి బూట్లు తొడిగి, యాభై ఏళ్లలో కాళ్లు కుళ్లబెట్టారు.

నవంబరు 19న ఈ స్తంభాల మీద ఉన్న పొడవాటి హాలులో విందు ఉంది. రెండు వందల మంది, డాన్సు కూడా. హోలిస్‌కి చెప్పాను. "పలక పెట్టించి రంగు వేయించు వాసూ, యాభై ఏళ్లుగా డాన్సులు చేస్తూనే ఉన్నాం" అన్నాడు. నా మాట ఒట్టి మాట అయిపోయింది. చేతిలో లెక్క ఉంటే అడగగలను.

కొలతలన్నీ వేసి బొమ్మ పంపుతున్నాను. ఎంత బరువు మోయగలదో లెక్క కట్టి పంపండి. ముందు నేను చూసుకుని, సమయం చూసి మ్యూజియం ట్రస్టీలకు చెప్తాను. ఇల్లు మారాను, కొత్త అడ్రసు కవరు వెనక ఉంది.

వసుమతి

* * *

నేపర్‌విల్
24 సెప్టెంబరు 1983

వసూ,

కొయ్య కుళ్లితే తప్పు సిమెంటుదా? సిమెంటు ఎక్కడా కుళ్లలేదు కదా.

రెండు ఆదివారాలు కూర్చుని లెక్క వేశాను. టైపు చేసిన కాగితం ఇంగ్లీషులో ఉంది, పెద్దవాళ్లు చూడాల్సిన కాగితం కనుక. సారాంశం: ఆ రెండు స్తంభాలకు పాదాలు లేవనుకుంటే, మీ హాలు అరవై మంది కన్నా ఎక్కువ మోయదు. డాన్సు అయితే నలభై. అజ్ఞానం అన్నాను కదా, ఇదిగో అంకెల్లో.

కవరు వెనక నీ అడ్రసులో వీధి నంబరు ఒకటో ఏడో తెలియలేదు. ఆర్కిటెక్టువి, అంకెలు మాత్రం డాక్టరు చీటీలా రాస్తావు. అందుకని మ్యూజియం అడ్రసుకే పంపుతున్నాను, అది నీ పాత బ్రోషర్ మీద అచ్చులో ఉంది.

మామయ్య

* * *

రిచ్‌మండ్
5 అక్టోబరు 1983

మామయ్యా,

మీ కవరు మ్యూజియం అడ్రసుకు వచ్చింది. మ్యూజియంకు వచ్చిన కవర్లన్నీ హోలిస్ సెక్రటరీ విప్పుతుంది. తెలుగు కాగితం ఆయన అటూ ఇటూ తిప్పి పక్కన పెట్టాడు. ఇంగ్లీషు కాగితం మూడుసార్లు చదివాడు. నన్ను పిలిచి, "ఎవరీ మిస్టర్ రావ్? మా ఇంటి కొలతలు ఇల్లినాయ్‌కి ఎలా వెళ్లాయి?" అన్నాడు. మా మామయ్య అన్నాను. "ఫ్యామిలీ ఒపీనియన్!" అని నవ్వాడు. మధ్యాహ్నానికి నా బల్ల ఖాళీ చేయించాడు.

పెద్దవాళ్లు చూడాల్సిన కాగితమని మీరే రాశారు. నంబరు తెలియకపోవడం ఒట్టి సాకు. ఫోను ఉంది కదా, అడగొచ్చు. రామమోహన్ గారి ముందు మీ దూలాలు నవ్వులపాలయ్యాయి, దానికి నా ఉద్యోగం బదులు తీసుకున్నారు. మీ లెక్క సరిపోయింది.

వసుమతి

* * *

నేపర్‌విల్
15 అక్టోబరు 1983

వసుమతికి,

దూలాల కోసం మేనకోడలి ఉద్యోగం తీసేవాణ్నని రాశావు. మంచిది. నా లెక్క నిన్ను బాధించిందని అర్థమైంది. నీ ఓక్ మహారాజు అరవై మందిని మోయలేడని తెలిస్తే బాధే మరి. ఆ బాధకు నా మీద పడ్డావు.

ఆ మనిషికి నేను ఏమీ రాయలేదు. రాయదలిస్తే అడ్రసు సరిగ్గానే రాస్తాను.

రామమోహన్ ఆఫీసులో ఖాళీ ఉందట. కారు పార్కింగ్ గ్యారేజీలు గీస్తారు. అన్నీ కాంక్రీటే. అవి కుళ్లవు. కావాలంటే చెప్పు.

కొండల్ రావు

* * *

రిచ్‌మండ్
2 డిసెంబరు 1983

మామయ్యకు,

గ్యారేజీల ఉత్తరానికి జవాబు రాయకూడదనే అనుకున్నాను. ఇప్పుడు రాయక తప్పడం లేదు.

నవంబరు 14న కౌంటీ బిల్డింగ్ ఇన్‌స్పెక్టర్ ఓస్మర్‌లీకి వచ్చాడట. గైడు డొరతీ ఫోన్ చేసి చెప్పింది. హోలిస్ ఆయనకు ముందు హాలు, పెయింటింగులు చూపించి కాఫీ ఇచ్చాడట. ఆయన కాఫీ తాగి, జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి, సరిగ్గా తూర్పు గోడలో నేను చాకు దించిన ఏడో స్తంభం దగ్గరికి వెళ్లి పొడిచాడట. సాయంత్రానికి మేడ మెట్లకు అడ్డంగా పసుపు టేపు కట్టేశారు. విందు తోటలో టెంటు కింద జరిగింది. ఆ రోజు వాన. రెండు వందల మంది మోకాళ్ల దాకా బురదలో డాన్సు చేశారని డొరతీ అంది. కొంచెం ఎక్కువ చేసి చెప్పి ఉంటుంది, అయినా నాకు నచ్చింది.

మొన్న ఆ ఇన్‌స్పెక్టర్ నా బొమ్మలు కావాలని ఇంటికి వచ్చాడు. ఆయన ఫైలులో నాలుగు పేజీల ఉత్తరం ఉంది. కింద సంతకం చూశాను. "నా లైసెన్సు మీ రాష్ట్రంలో చెల్లదు. నన్ను నమ్మవద్దు, స్క్రూడ్రైవర్‌ను నమ్మండి" అని మొదలైంది. చివరి వాక్యం: "ఆ ఇల్లు ఎలా నిలబడిందో ఆ భవనంలో తెలిసిన మనిషి ఒక్కతే ఉండేది, ఆమెను తీసేశారు."

తేదీ అక్టోబరు 8. అంటే నా ఉత్తరం అందిన రోజో మర్నాడో రాశారు. వారం తర్వాత నాకు గ్యారేజీల గురించి రాస్తూ కూడా ఈ సంగతి చెప్పలేదు. పైగా "ఆ మనిషికి నేను ఏమీ రాయలేదు" అన్నారు. నిజమే, ఆ మనిషికి రాయలేదు.

ఉత్తరంలో రెండు స్పెల్లింగు తప్పులున్నాయి. చెప్పాల్సినవి ఇంకా ఉన్నాయి గానీ, మీకు రాయడం చేతకావడం లేదు.

వసుమతి

* * *

నేపర్‌విల్
18 డిసెంబరు 1983

వసూ,

అమెరికాలో కొండల్ రావులు చాలామంది ఉన్నారు.

చలి బాగా ఉంది. పోయిన మంగళవారం గాలికి ముందు గది మీది దూలం ఊడి పొదల్లో పడింది. నువ్వు చెప్పిన దూలమే. ఇంటికి ఏమీ కాలేదు. మీ అత్తయ్య దాన్ని విరిచి పొయ్యిలో పెట్టించింది, రంగు వాసనకు ఇద్దరం దగ్గుతున్నాం.

స్పెల్లింగు తప్పులు ఏవో రాసి పంపు.

మామయ్య

* * *

నేపర్‌విల్
30 ఏప్రిల్ 1984

వసూ,

రిచ్‌మండ్ నుంచి క్షేమంగా చేరాం. మీ అత్తయ్య దారంతా నీ వంట గురించే మాట్లాడింది, పొగడ్తగా కాదు.

అక్కడ ఉన్న మూడు రోజులూ నేను ఎక్కువ మాట్లాడలేదని నీకు అనుమానం వచ్చి ఉంటుంది. ఇప్పుడు చెప్తున్నాను. మరమ్మతుకు వచ్చిన ఆ వడ్రంగి టాలీ తూర్పు గోడ మట్టి ఊడదీసినప్పుడు నేను నీ పక్కనే నిలబడ్డాను. ఏడో స్తంభానికి పాదం లేదు. కింద జానెడు ఖాళీ. నా చెయ్యి ఆ ఖాళీలో దూర్చి అవతలికి తీశాను. ఆ స్తంభం నేల మీద నిలబడలేదు, పై దూలానికి వేలాడుతోంది. అంటే నీ అసలు స్తంభమూ, పొయ్యిలో పోయిన నా దూలమూ ఒకే ఉద్యోగం చేస్తున్నాయి. దేన్నీ మోయడం లేదు. ఈ మాట అక్కడే అందామనుకున్నాను. నోరు రాలేదు.

ఎందుకంటే బరువు ఎక్కడికో పోవాలి కదా. టాలీ చూపించాడు. మూల కట్టెలు, పక్క స్తంభాలు, ఆ మూడు మూడు దూలాలు దేని వంతు అది ఆ బరువు పంచుకున్నాయి. ఎక్కడా చీల విరగలేదు. నేను అజ్ఞానం అన్న అదనపు కట్టెలే అవి. ఒక కాలు పోతే ఇల్లు పడకూడదని తెలిసి పెట్టారో, తెలియక పెట్టారో, నేను చెప్పలేను. నా వంతెనల్లో ఒక స్తంభం ఇలా వేలాడితే ఆ రోజే నలభై మంది నదిలో ఉంటారు.

నా లెక్క ప్రకారం ఆ డాన్సులకు ఆ ఇల్లు 1950లోనే పడిపోయి ఉండాలి. రైల్లో ఆఫీసుకు వెళ్తూ మళ్లీ మళ్లీ వేశాను. లెక్క తప్పు కాదు. ఇల్లే తప్పుగా నిలబడింది.

ఆ హోలిస్ నాతో చెయ్యి కలిపి, "మా జాగ్రత్త వల్లే ముందుగా పట్టుకున్నాం" అన్నాడు. పేపర్లో కూడా అలాగే వేయించాడట. అతని చెయ్యి కూడా చాకుతో పొడిచి చూడాల్సింది.

మామయ్య

* * *

రిచ్‌మండ్
20 మార్చి 1985

మామయ్యకు నమస్కారం, అత్తయ్యకు రెండు.

పని ముగింపుకు వచ్చింది. నన్ను తిరిగి తీసుకున్న మాట తెలుసు కదా, టాలీ కింద సహాయకురాలిగా. ట్రస్టీలు అడిగితే హోలిస్, "వాసూ మొదటినుంచీ మా టీమే" అన్నాడు. ఆయన గొంతు ఏమాత్రం వణకలేదు.

సిమెంటంతా పగలగొట్టాం. అడుగున రాళ్లు పరిచి, మీద కొత్త ఓక్ అడుగు దూలం వేశాం. స్తంభాల్లో కుళ్లిన మూడడుగులు కోసేసి కొత్త కాళ్లు అతికాం. పాత కొయ్యను ఏటవాలుగా కోసి, కొత్తదాన్ని అదే వాలుకు చెక్కి, ఒకదాని మీద ఒకటి ఆనించి చీలలు కొట్టడం. అతుకు పడ్డాక లోపలి ముఖాలు మళ్లీ వెలుగు చూడవు.

నిన్న ఏడో స్తంభం వంతు. పాత వడ్రంగులు ప్రతి అతుకు లోపలా ఉలితో ఏదో ఒక గుర్తు పెట్టేవారట, గీతలో, ఒక్కోసారి పేరులో మొదటి అక్షరమో. టాలీ ఉలి నా చేతికిచ్చి, "ఇది నీ స్తంభం. నీ ఇష్టం" అన్నాడు. హోలిస్ ఫోటోగ్రాఫర్ని వెంటబెట్టుకుని వచ్చి, అది తేదీ లాంటిది ఏదైనా అయి ఉండాలని సూచన చేశాడు. తేదీ ఉంటుందన్నాను.

రెండు గంటలు పట్టింది. పచ్చి ఓక్ అయినా గట్టిగానే ఉంటుంది, చేతికి బొబ్బలు లేచాయి. చెక్కింది ఇది, అక్షరం పొల్లుపోకుండా:

"కొండల్ రావు గారి లెక్క తప్పు. 1985."

హోలిస్ అందంగా ఉందన్నాడు. ఇండియన్ బ్లెస్సింగా అని అడిగాడు. అవునన్నాను. ఫోటో తీయించుకున్నాడు. తర్వాత టాలీ, నేనూ కలిసి కాలు ఆనించి చీలలు కొట్టేశాం.

స్తంభం ఇప్పుడు నేల మీద నిలబడింది. ఈసారి మళ్లీ లెక్క వేస్తే సరిపోతుందనుకుంటాను.

వసుమతి

* * *

నేపర్‌విల్
2 ఏప్రిల్ 1985

వసూ,

నీ ఉత్తరం ఆఫీసుకు వెళ్లే రైల్లో చదివాను. దిగాల్సిన స్టేషన్ దాటిపోయింది. తప్పు నీదే.

లెక్క తప్పు కాదని ఇంతకుముందే రాశాను. మళ్లీ రాయను. ఆ అతుకు ఎప్పుడో విప్పేవాడికి తెలుగు రాదు కనుక నా పరువుకు వచ్చిన లోటు లేదు.

మీ అత్తయ్యకు చదివి వినిపించాను. "నీ పేరా? నిజంగ నీ పేరే చెక్కిందా? గారు అని కూడ పెట్టిందా?" అని మూడుసార్లు అడిగి, కళ్లు తుడుచుకుని, "తప్పు అని కూడ పెట్టింది కద, మంచిగైంది" అంది.

ఈ దేశంలో పదిహేడేళ్లలో నలభై ఒక్క వంతెనలు కట్టాను. రాత్రి కూర్చుని లెక్కపెట్టాను, ఈ లెక్క మాత్రం తప్పు కాదు. కొన్నింటి మీద గవర్నర్ల పేర్లున్నాయి, ఒకదాని మీద యుద్ధంలో పోయిన సైనికుడి పేరు, రెండింటి మీద కాంట్రాక్టరు పేరు. నా పేరు ఎక్కడా లేదు. ఉండాలని అనుకోనూ లేదు.

అక్షరాలు ఎంత లోతుగా చెక్కావో కొలిచి రాయి.

మామయ్య